తీసిపెట్టిన ముద్ద

మా ఇల్లు ఆనంద గృహమని మా చర్చి సంఘం తీర్మానించిన రోజున నాకు వచ్చినంత కోపం అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ ఎప్పుడూ రాలేదు. నవ్వకండి. వికారాబాద్ స్టేషన్ వెనక పెంకుటిళ్ల వరసలో ఉండే రాహేలమ్మకు కోపం ఎక్కువని మీకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట నిజమే. కానీ ఆ రోజు కోపానికి కారణం ఉంది. విని మీరే చెప్పండి.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. మా ఆయన బాల్‌రాజ్ స్టేషన్‌లో పట్టాలు మార్చే పని చేసేవాడు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. ఇంట్లో మేమిద్దరం, మా బిడ్డ ఏస్తేరు, దాని తర్వాత పుట్టిన దానియేలు, మా అత్త బీరమ్మ. మా ఆయన చిన్నప్పుడు మిషన్ బడిలో చదువుకుంటూనే బాప్తిస్మం తీసుకున్నాడు. మా అత్త తీసుకోలేదు. అడిగితే, "నా కొడుకు దేవుడు నాకేం పగోడు గాదు. కాని గీ ముసలితనంల ఎల్లమ్మను ఇడిసిపెడితే ఆమె ఎవరింటికి పోతది?" అనేది. ఆదివారం మాతో పాటే చర్చి దాకా వచ్చి, బయట వేపచెట్టు కింద కూర్చుని, లోపలి పాటలకు తల ఊపుతూ సుట్ట కాల్చుకునేది.

మా అత్త సంగతి తెలియాలంటే ఆమె తాంబాళం సంగతి తెలియాలి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వెడల్పాటి ఇత్తడి తాంబాళం అది. పొద్దుగూకగానే దాన్ని ఒళ్లోకి లాక్కుని, జొన్నరొట్టెలు తుంచి వేసి, పప్పు పోసి, ఉల్లిగడ్డ నలిపి, మోచేతి దాకా అంటేటట్టు పిసికి కలిపేది. మేం చుట్టూ కూర్చుని అరచేతులు చాపేవాళ్లం. వరసగా ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముద్ద పెడుతూ పోయేది. పెడుతూ కథ చెప్పేది. కథ ఎప్పుడూ ఒక్కటే. అనంతగిరి అడవిలో ఒక ముసలమ్మకు పులి ఎదురవుతుంది. ముసలమ్మ దాన్ని తిట్టి పంపుతుంది. తిట్లు మాత్రం రోజుకో కొత్తవి. ఆ రోజు మా వాడలో ఎవరి మీద ఎవరికి కోపం వచ్చిందో ఆ తిట్లన్నీ పులికి తగిలేవి. నోటి నిండా రొట్టె పెట్టుకుని పిల్లలు పకపకా నవ్వితే పొలమారేది, మా అత్త వాళ్ల నెత్తి మీద కొట్టేది, నేను నీళ్లకు లేచేదాన్ని, మా ఆయన ఇంట్లో ఉంటే పులి తరఫున తిరిగి తిట్టేవాడు. మా ఇంటి లొల్లి ప్లాట్‌ఫారం మీదికి వినపడుతుందని స్టేషన్ మాస్టరు అనేవాడు. విననీ.

మొదటి ముద్ద మాత్రం మా ఎవ్వరికీ పెట్టేది కాదు. పక్కన ఒక సత్తు గిన్నె ఉండేది. అందులో వేసి మూత పెట్టేది. "గిది ఇంకా రానోళ్లకు," అనేది. మా ఆయన డ్యూటీలో ఉంటే ఆ ముద్ద ఆయనది. ఆయన ఇంట్లోనే ఉంటే బండి తప్పిపోయి మా గుమ్మంలో నిలబడ్డవాళ్లది. ఎవరూ రాకపోతే పొద్దున్నే దానియేలుది. అందుకని వాడు ఎవరూ రాకూడదని ప్రార్థన చేసేవాడు, అది వేరే సంగతి.

ఇందులో నాకేముంది అంటారా? చెబుతాను. నాకు తల్లి గుర్తు లేదు. మిషన్ హాస్టల్లో పెరిగాను. గంట కొడితే వరసలో నిలబడేవాళ్లం, గంట కొడితే కూర్చునేవాళ్లం, ఎవరి పళ్లెం వాళ్ల ముందు పెట్టుకుని మాట్లాడకుండా తిని, గంట కొడితే లేచేవాళ్లం. కడుపు నిండా పెట్టారు. వాళ్లను ఒక్క మాట అనను. కానీ పెళ్లై వచ్చిన మొదటి రోజు మా అత్త, "చెయ్యి చాపు పిల్లా," అని నా అరచేతిలో ముద్ద పెట్టినప్పుడు నాకు ఏం చేయాలో తెలియలేదు. దాన్ని అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. "ఏందే, కారమైందా? తినక ముందే ఏడుస్తున్నవ్?" అని నవ్వింది. నా కడుపున పుట్టిన పిల్లల కంటే ముందు ఆ తాంబాళం చుట్టూ నాకో చోటు దొరికింది. అందుకే దాని మీద ఎవరైనా చెయ్యి వేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చెయ్యి వేసింది అరుణాదేవి గారు. ఆమె మా సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. బడిలో టీచరు. అందరం టీచరమ్మ అనేవాళ్లం. మంచిదే, అబద్ధం ఎందుకు? ఎవరికి కాన్పు కష్టమైనా నడిచి వచ్చేది. కానీ ఏటా కందులు కోసే రోజుల్లో ఆమెకు ఆనంద గృహ వారం అనే పిచ్చి ఒకటి పట్టేది. ఆ వారమంతా సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, కుటుంబం ఎట్లా తింటుందో, ఎట్లా ప్రార్థన చేస్తుందో, పిల్లలు ఎట్లా మాట్లాడతారో చూసేది. అన్నిటి కంటే ఆనందంగా ఉన్న ఇంటికి ఆదివారం చర్చిలో బహుమతి. ఆనందాన్ని చూడటానికి మనిషి గుమ్మంలో నిలబడితే ఉన్న ఆనందం కూడా పెరటి దారి పట్టదా? ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెళ్లి చేసుకోని మనిషి, ఒక్కతే గదిలో ఒక్క పళ్లెంలో తినే మనిషి, కుటుంబం ఎట్లా ఉండాలో మాకు నేర్పేది. మేం తలలు ఊపేవాళ్లం.

ముందటి ఏడు ఆమె మా ఇంటికి వచ్చేసరికి మా అత్త చంకలో దానియేలు, నోట్లో సుట్ట, చేతిలో ముద్ద. పులి కథ మంచి పట్టులో ఉంది. టీచరమ్మ గుమ్మంలోనే నిలబడి చూసి, నవ్వి, వెళ్లిపోయింది. ఆదివారం మాత్రం మైదానంలో ఉపన్యాసం ఇచ్చినట్టు చెప్పింది. "కొన్ని ఇళ్లలో ఇంకా ఒక్క పళ్లెంలో కలిపి ఒకరి చేతి ముద్దలు ఇంకొకరు తింటున్నారు. ఇది రోగాలకు మూలం. పెద్దవాళ్లు పిల్లల ముందు పొగ తాగుతున్నారు. భోజన సమయంలో అల్లరి చేస్తున్నారు." పేరు చెప్పలేదు. చెప్పాలా? చర్చి అంతా మా వైపు తిరిగింది. మా ఆయన మెడ వంగిపోయింది. అప్పటికే ఆయనకు సంఘ పెద్దల్లో ఒకడు కావాలని ఆశ ఉండేది. తెల్ల అంగీ వేసుకుని కానుకల సంచి పట్టుకుని బల్లల మధ్య నడవాలని. ఆ ఆశ తప్పని నేను అనను. దాని కోసం చేసిన పనినే అంటాను.

మళ్లీ ఆనంద గృహ వారం వచ్చింది. శనివారం మా వంతు. శుక్రవారం పొద్దున నేను బావి నుంచి నీళ్లు మోసుకుని వచ్చేసరికి మా అత్త ఇంట్లో లేదు.

"అమ్మ ఏది?" అన్నాను.

"తాండూరుకు పోయింది, భాగమ్మను చూడనీకె. మస్తు దినాలైంది గదా," అన్నాడు మా ఆయన, నా మొహం చూడకుండా అంగీకి గుండీలు పెట్టుకుంటూ.

భాగమ్మ ఆయన చెల్లెలు. తాండూరులో బండలు కొట్టే మొగులప్ప పెండ్లాం. కూతురిని చూడటానికి తల్లి పోవడం వింత కాదు. కానీ మా అత్త పోవాలంటే ముందు రోజు నుంచే హడావుడి ఉంటుంది. రొట్టెలు మూట కట్టాలి, పిల్లలకు జాగ్రత్తలు చెప్పాలి, నన్ను ఒక్కసారి తిట్టాలి. ఇప్పుడు ఏమీ లేదు. ఆమె సుట్టల డబ్బా గూట్లోనే ఉంది. తినడానికి కలుపుకున్న జొన్న గటుక చట్టిలో అట్లాగే ఉంది.

"తినకుండనే పోయిందా?"

"బండి టైమైందే. నువ్వేంది, పోలీసోని లెక్క అడుగుతున్నవ్?" అని డ్యూటీకి పోయాడు.

ఆ సాయంత్రం నుంచి ఇల్లు సర్దుడు మొదలుపెట్టాడు. గోడలకు సున్నం కొట్టాడు. పక్కింటి ఖుర్షీద్ దగ్గర పింగాణీ పళ్లేలు అడిగి తెచ్చాడు. తాంబాళం కనపడలేదు. అడిగితే, "కట్టెల ఎన్క పెట్టిన, రేపటి దాకా ఆడనే ఉండనీ," అన్నాడు. అప్పుడు నాకు సగం అర్థమైంది. మా అత్తను చెప్పి ఒప్పించి పంపాడేమో, ముసలామె కొడుకు సంతోషం కోసం ఒప్పుకుందేమో అనుకున్నాను. అదే చాలు నాకు కోపం రావడానికి. "కన్నతల్లి కట్టెల ఎన్క దాచే సామానైందా నీకు?" అన్నాను. "ఒక్క దినం, రాహేలూ. ఒక్క దినం గమ్మున ఉండరాదు?" అని బతిమాలాడు. పెళ్లైనప్పటి నుంచి నన్ను ఏదీ బతిమాలని మనిషి. పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను.

శనివారం సాయంత్రం టీచరమ్మ వచ్చింది. పిల్లలకు తల దువ్వి, ఎవరి పళ్లెం ముందు వాళ్లను కూర్చోబెట్టాడు మా ఆయన. నోరు తెరిస్తే వీపు పగులుతుందని అప్పటికే చెప్పి ఉన్నాడు. చెప్పకపోయినా వాళ్లు మాట్లాడేవాళ్లు కాదు. నాయినమ్మ లేని ఇంట్లో వాళ్లకు మాటలు లేవు. ఏస్తేరు పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది. నేను వడ్డించాను. గరిటె పళ్లేనికి తగిలిన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. నాకు హాస్టల్ గుర్తొచ్చింది.

అప్పుడు దానియేలు ఏం చేశాడంటే, పళ్లెం నిండా అన్నం ఉండగా, అలవాటు చొప్పున అరచెయ్యి చాపి పట్టుకుని కూర్చున్నాడు. ముద్ద కోసం. పెట్టే మనిషి లేదు. వాడు చెయ్యి దించలేదు. ఎవరో ఒకరు పెడతారని చూస్తున్నాడు.

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. "చూశావా బాల్‌రాజ్! పసివాడు, అన్నం ముట్టకుండా దేవుని వైపు చెయ్యి చాచాడు. ఇంత చిన్న వయసులో ఇంత భక్తి! మీ ఇంట్లో ఎంత ప్రశాంతత!" అంది.

మా ఆయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అయ్యో, నిజం చెప్పడానికి ఎంత మంచి సమయం వచ్చి గుమ్మంలో నిలబడింది! దాన్ని అట్లాగే సాగనంపాడు. నేను దానియేలు చేతిలో ముద్ద పెట్టాను. వాడు దాన్ని చూసి, "పులి ఏదే?" అన్నాడు మెల్లగా. టీచరమ్మకు వినపడలేదు.

ఆమె పోయిన కాసేపటికి ఖుర్షీద్ పళ్లేల కోసం వచ్చింది. గుమ్మంలోనే ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "క్యా హువా రాహేలూ? ఇంట్ల ఎవరన్న పోయిన్రా ఏంది? ఒక్క సప్పుడు లేదు, నాకు ఫికర్ అయి వచ్చిన," అంది. పక్కింటి మనిషికి చావులా వినపడిందే టీచరమ్మకు శాంతిలా వినపడింది. ఇంతకంటే ఏం చెప్పను?

ఆదివారం పొద్దున మా ఆయన తెల్లంగీ వేసుకుని మా కంటే ముందే చర్చికి పోయాడు. నేను పిల్లలకు బట్టలు తొడుగుతుంటే తాండూరు బండి దిగి మొగులప్ప వచ్చాడు. మామూలుగా నవ్వుతూ వచ్చే మనిషి. ఆ రోజు కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, గిదేం పని? మీకేమన్న బుద్ధి ఉన్నదా?" అన్నాడు.

"ఏమైంది?"

"భాగమ్మకు పానం బాగలేదు, ఇయ్యాలో రేపో అన్నట్టున్నదని ముసలామెకు ఎవరు చెప్పిన్రు?"

దానియేలుకు తొడుగుతున్న అంగీ వదిలేసి లేచాను.

"శుక్రారం నాడు స్టేషన్ల దిగి బండల గనుల దాకా ఉరికొచ్చింది. కాలికి చెప్పుల్లేవు. మా వాడ మొదట్ల నుంచే ఏడుస్తున్నది. భాగమ్మ వాకిట్ల కూసుని కందులు చెరుగుతున్నది. తల్లిని చూసి నవ్వుకుంట లేచింది. ముసలామె ఆడనే కూలబడ్డది. నీళ్లు తాపి లేపినం. ఎవరు చెప్పిన్రంటే, నా కొడుకన్నది. గంతే. మల్ల ఒక్క మాట లేదు."

"ఇప్పుడు ఎట్లున్నది?"

"ఉన్నది. నిన్న పొద్దుగాల లేచి, ఇంక నేను వికారాబాద్ పోనన్నది. నా సుట్టల డబ్బా, నా తాంబాళం పట్టుకురమ్మని నన్ను పంపింది."

సుట్టల డబ్బా అడిగితే నేను భయపడేదాన్ని కాదు. తాంబాళం అడిగింది. తాంబాళం ఎక్కడుంటే ఆమె ఇల్లు అక్కడ. ఇంక రాదన్నమాట. నా పిల్లల చేతులు ఇంక అట్లా చాపి ఉండాల్సిందే.

కట్టెల వెనక్కి పోయి తాంబాళం బయటికి లాగాను. దుమ్ము పట్టి ఉంది. చీర కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని, పిల్లల చెయ్యి పట్టుకుని చర్చికి నడిచాను. మొగులప్ప వెనకే వచ్చి వేపచెట్టు కింద, మా అత్త కూర్చునే చోటే నిలబడ్డాడు.

పాటలు అయిపోయాయి. ప్రసంగం అయిపోయింది. టీచరమ్మ లేచి నిలబడి, ఈ ఏటి ఆనంద గృహం బాల్‌రాజ్, రాహేలమ్మల గృహమని చదివింది. బహుమతి గోడ గడియారం. గంటలు కొట్టేది. మా ఆయన ముందు బల్ల నుంచి లేచి, దాన్ని రెండు చేతులా అందుకుని, ఎదకు ఆనించుకుని నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. నాకు ఆ మొహాన్ని చూస్తే మొదటిసారి అసహ్యం వేసింది. తల్లిని చెప్పుల్లేకుండా ఉరికించి తెచ్చుకున్న వెలుగు అది.

"రాహేలమ్మ కూడా వచ్చి, తమ ఇంటి ఆనందానికి రహస్యం ఏమిటో చెల్లెళ్లందరికీ రెండు మాటల్లో చెప్పాలి," అంది టీచరమ్మ.

పోయాను. చంకలో తాంబాళంతోనే పోయాను. అందరూ దాన్నే చూస్తున్నారు.

"టీచరమ్మా," అన్నాను, "నిన్న మీరు మా ఇంటికొచ్చినప్పుడు మీకు వినపడ్డది శాంతి గాదు. మా ఇంట్ల రోజూ లొల్లే ఉంటది. గా లొల్లి చేసే మనిషిని, మీరొస్తున్నరని, మా ఆయన తాండూరుకు పంపిండు. నీ బిడ్డ సావు బతుకుల మీద ఉన్నదని అబద్ధం చెప్పి పంపిండు. ముసలామె చెప్పుల్లేకుండ ఉరికి పోయి, బిడ్డ మంచిగుండుడు చూసి కూలబడ్డది. నా కొడుకు చెయ్యి చాపింది దేవునికి గాదు, నాయినమ్మ ముద్దకు. మా ఇంటి ఆనందం తాండూరుల ఉన్నది. గదే రహస్యం."

పాస్టరు అయ్యగారు కుర్చీలో కదిలాడు. టీచరమ్మ మొహం తెల్లబోయింది. "అమ్మా, మీ అత్తగారిని పంపేయమని నేను ఎప్పుడూ అనలేదే," అంది. నిజంగానే బాధపడుతూ అంది.

"అనలేదు టీచరమ్మా. అనాల్సిన అవసరం లేకుండ చేసిన్రు."

మా ఆయన వైపు తిరిగాను. గడియారం ఇంకా ఎదకు ఆనించుకునే ఉన్నాడు. దించాలో పట్టుకోవాలో తెలియక. "నేను గంట కొడితే అన్నం తిని పెరిగిన మనిషిని," అన్నాను. "నా పిల్లలకు మల్ల గంట పెట్టను. గా గడియారం నువ్వే ఉంచుకో, గంట కొట్టినప్పుడు నువ్వే తిను."

పిల్లలను తీసుకుని బయటికి వచ్చేశాను. నలుగురిలో మొగుడి పరువు తీశానని తర్వాత చాలామంది అన్నారు. తీశాను. తల్లి కంటే పెద్ద పరువు ఏదో ఉందనుకున్నాడు గదా, అది ఉండి ఏం చేస్తుంది?

మధ్యాహ్నం ప్యాసింజరు పట్టుకుని తాండూరులో దిగాం. మొగులప్ప వాళ్ల ఇల్లు గనుల పక్కనే. గోడలు బండలే, పైకప్పూ బండలే, వాకిట్లోనూ బండలే. మా అత్త ఒక బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అరికాళ్లకు పసుపు పట్టించి ఉంది, దెబ్బలకు. పిల్లలు ఉరికి పోయి ఒళ్లో పడ్డారు. వాళ్లను గట్టిగా పట్టుకుంది గానీ నా వైపు చూడలేదు.

"తాంబాళం తెచ్చినవా? ఆడ పెట్టు."

"అత్తమ్మా, నాకు తెల్వదు. నా పిల్లల మీద ఒట్టు."

"నీకు తెలుసని నేనన్ననా?" అంది. దానియేలు తల నిమురుతూ తనే మొదలుపెట్టింది. "నన్ను దాచిపెట్టాలంటే చెప్తే కాదా? ఖుర్షీద్ ఇంట్ల కూసుందును. సుట్ట కాల్చొద్దంటే ఆపుదును. టీచరమ్మ ముందట కొడుకుకు ఇజ్జత్ కావాలంటే నాకు ఒద్దా? కాని నా బిడ్డ పానం మీద అబద్ధమాడిండు రాహేలూ. గా రైల్ల కూసున్నంత సేపు, నా బిడ్డ పోయింది, నేను పోయేసరికి గుడ్డ కప్పి ఉంటరు అనుకుంట కూసున్న. ఎవరో పండు ఇస్తే తీసుకున్న, ఏం చెయ్యాల్నో తెల్వక చేతులనే పట్టుకున్న. అసొంటి అబద్ధం పగోనికి గూడ చెప్పరు. ఇంక వాని ఇంట్ల ముద్ద కలపను."

ఆమె మాట ప్రతిదీ న్యాయం. రమ్మని అడగడానికి నోరు రాలేదు. రాకపోతే నా ఇల్లు ఏమవుతుందో తెలుసు గనుక ఊరుకోవడానికీ మనసు రాలేదు. భాగమ్మ నా పక్కన కూర్చుని, "వదినె, అన్న వస్తడు సూడు," అంది. "వస్తే రానీ," అంది మా అత్త.

పొద్దు వాలేటప్పటికి వచ్చాడు. ప్యాసింజరు కోసం ఆగలేదట, గూడ్సు బండిలో గార్డు పక్కన నిలబడి వచ్చాడు. తెల్లంగీ బొగ్గు మసితో నల్లబడింది. గడియారం పట్టుకొస్తాడేమోనని చూశాను. తెస్తే అక్కడే బండకేసి కొట్టేదాన్ని. ఉత్త చేతులతో వచ్చాడు. వాకిట్లో నిలబడ్డాడు. ఎవరూ రమ్మనలేదు. మొగులప్ప ఒక్కడే, "కూసో బావ," అన్నాడు. ఆయన కూర్చోలేదు.

మా అత్త కూతురిని రొట్టెలు తెమ్మంది. తాంబాళం ఒళ్లోకి లాక్కుంది. తుంచింది, పప్పు పోసింది, కలిపింది. మొదటి ముద్ద తీసి, భాగమ్మ ఇంట్లోని గిన్నె ఒకదానిలో వేసి మూత పెట్టింది. మేం చుట్టూ కూర్చున్నాం. చేతులు చాపాం. అప్పుడు మా ఆయన వచ్చి, నాకూ దానియేలుకూ మధ్య ఉన్న సందులో కూర్చున్నాడు. తనూ చెయ్యి చాపాడు.

ఏస్తేరుకు పెట్టింది. భాగమ్మకు, మొగులప్పకు పెట్టింది. నాకు పెట్టింది. ఆయన్ను దాటి దానియేలుకు పెట్టింది. మళ్లీ ఏస్తేరు దగ్గర మొదలుపెట్టింది. మళ్లీ దాటింది. కథ కూడా చెబుతోంది. పులి వచ్చింది, ముసలమ్మ ఎదురుపడింది. కానీ ఈసారి ముసలమ్మ తిట్టలేదు. పులి వైపు చూడనైనా చూడకుండా తన దారిన తను పోయింది. పులి దారి మధ్యలో నిలబడిపోయిందట. పిల్లలు నవ్వలేదు.

చెయ్యి చాపుకునే కూర్చున్నాడు మా ఆయన. దించలేదు. అచ్చం ముందు రోజు దానియేలు కూర్చున్నట్టే. మూడో చుట్టులోనూ ఆమె దాటి పోయింది. "తప్పయింది," అన్నాడు. ఆమె వినలేదు. "అమ్మా, తప్పయింది. నీ కన్న మొదలు భాగమ్మ కాళ్లు మొక్కుతా," అన్నాడు. భాగమ్మ ఏడ్చేసింది. తాంబాళం ఖాళీ అయిపోయింది. మా అత్త వేళ్లతో అడుగు దాకా తుడిచి, ఆ చివరి మెతుకులు తను తిన్నది. ఇంక పెట్టడానికి ఏమీ లేదు. దానియేలు తండ్రి ఖాళీ చేతిని చూసి, తన ఎంగిలి ముద్దలో సగం తుంచి అందులో పెట్టబోయాడు. మా అత్త వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

అప్పుడు పక్కనున్న గిన్నె మూత తీసింది. ఆ మొదటి ముద్ద తీసి చేతిలో పట్టుకుని, వచ్చినప్పటి నుంచి మొదటిసారి కొడుకు మొహంలోకి చూసింది.

"ఇంకా రానోళ్లకు తీసిపెట్టిన," అంది. "వచ్చినవా?"

ఆయన తల ఊపాడు.

"నోటితోని చెప్పు. వచ్చినవా?"

"వచ్చిన, అమ్మా."

అరచేతిలో పెట్టింది. ఆయన తింటూ ఏడ్చాడో, ఏడుస్తూ తిన్నాడో నేను చూడలేదు, మొహం అటు తిప్పుకున్నాను. ఆమె చెయ్యి కడుక్కుని, సుట్ట వెలిగించి, తాంబాళం నా వైపు నెట్టి, "మంచిగ తోము. పొద్దుగాల బండికి దీన్ని తీసుకపోవాలె," అంది.

తల్లి గనుక పెట్టింది. నేనైతే ఇంకో నాలుగు పూటలు చెయ్యి చాపి కూర్చోబెట్టేదాన్ని.